రెండు చెరువుల నడుమ ఒక వీకెండ్

శనివారం పొద్దున్నే హైదరాబాద్ శివార్లలోని అప్పా జంక్షన్ దగ్గర కార్లు బారులు తీరతాయి. వెనక సీట్లో పిల్లలు, డిక్కీలో బిర్యానీ డబ్బా, క్రికెట్ బ్యాటు. దీవి, బీచ్, అడవి బాట అంటూ కలలు కనే హైదరాబాదీ అండమాన్ చేరాలంటే పోర్ట్‌బ్లెయిర్ దాకా విమానం, అక్కణ్నుంచి హేవ్‌లాక్‌కు పడవ ఎక్కాలి. శని, ఆదివారాలు ప్రయాణానికే చెల్లిపోతాయి. అందుకే బండి బీజాపూర్ రోడ్డెక్కుతుంది. ఆ దారిలోని మొయినాబాద్, చేవెళ్లల్లో సముద్రం లేని మాట నిజమే. నీటి ఒడ్డు మాత్రం ఉంది, చిన్నదే అయినా అడవి ఉంది, మర్రిచెట్ల నీడ ఉంది. ఊరు దాటిన అరగంటకే ఇవన్నీ ఎలా మిగిలాయన్నది తెలుసుకోదగ్గ కథ.

ఆ కథ వరదతో మొదలవుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేల మందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువనే నీటిని ఆపాలని ఆయన సూచించారు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మొదటిదాన్ని జనం ఇప్పటికీ గండిపేట అనే అంటారు. మొయినాబాద్ వైపు వెళ్లే రోడ్డుకు ఒక పక్క ఆ చెరువు, మరో పక్క ఈ చెరువు.

గండిపేట ఒడ్డున నిలబడితే అవతలి గట్టు సన్నటి గీతలా కనిపిస్తుంది. గాలి వీస్తే చిన్న చిన్న అలలు కూడా వస్తాయి. ఎండాకాలంలో నీరు వెనక్కి తగ్గి, నెర్రెలు విచ్చిన ఒండ్రు మట్టి బయటపడుతుంది. చలికాలంలో వలస బాతులు దిగుతాయి, వాటి వెనకే కెమెరాలు మెడలో వేసుకున్నవాళ్లూ దిగుతారు. బీచ్ అనుకుని ఈతకు దిగడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. ఇది తాగునీటి కోసం కూడా కట్టిన చెరువు. లోతు ఎక్కడ మొదలవుతుందో పైకి తెలియదు. వరదను ఆపే దాని పాత పనీ ఇంకా అయిపోలేదు. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ పొంగి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే నీళ్లొచ్చాయి.

చెరువుల చుట్టూ పచ్చదనం మిగలడానికి ఒక ప్రభుత్వ కాగితం కారణం. 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో, జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలనూ, పెద్ద హోటళ్లనూ, కాలనీలనూ కట్టొద్దంది. 84 గ్రామాలు దాని కిందికొచ్చాయి, వాటిలో మొయినాబాద్, చేవెళ్ల మండలాల ఊళ్లూ ఉన్నాయి. నగరవాసికి వీకెండ్ దక్కింది, అక్కడి రైతుకు మాత్రం భూమి ధర కట్టేసినట్టయింది. చెరువుకు అటువైపు కోకాపేటలో 2023 వేలంలో ఎకరం వంద కోట్లు దాటితే, ఇటువైపు వాళ్లకు కడుపు మండదా? ఆంక్షలు ఎత్తేస్తామంటూ ప్రభుత్వం 2022లో ఒక జీవో, మరుసటి ఏడాది కేబినెట్ నిర్ణయం ప్రకటించింది. కాగితం మీద ఏమున్నా, ప్రహరీల వెనక ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు ఎప్పుడో లేచాయి. వీకెండ్ కోసం వచ్చే చాలామంది దిగేది వాటిలోనే. డీజే మోతలో పక్షి కూత వినబడదన్నది వేరే సంగతి.

పక్షి కూత కావాలంటే చిలుకూరు దారిలోని మృగవనికి వెళ్లాలి. 1994లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఈ అడవి నాలుగు చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. వెదురు, టేకు, ముళ్ల పొదలు. అండమాన్‌లోలా ఏడాదంతా తడిసి ఉండే అడవి కాదు, మార్చి వచ్చేసరికి ఆకు రాల్చి బోసిపోతుంది. జింకలు బాగా కనిపించేది అప్పుడే. కణుజులు, అడవి పందులు, నెమళ్లు, ఉడుములు కూడా ఉన్నాయి. రాలిన ఆకుల మీద ఉడుము కదిలితే పెద్ద జంతువేదో వస్తున్నంత చప్పుడవుతుంది. పొద్దున్నే వెళ్లినవాళ్లదే అదృష్టం, పదింటికి జంతువులన్నీ నీడ చూసుకుంటాయి.

అక్కణ్నుంచి దగ్గర్లోనే చిలుకూరు బాలాజీ గుడి. హుండీ ఉండదు, వీఐపీ దర్శనమూ ఉండదు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. లెక్క తప్పకుండా అంకెలు అచ్చేసిన చిన్న కార్డు చేతిలో పట్టుకుని, ఒక్కో చుట్టుకు ఒక్కో గడి కొట్టేస్తూ జనం పరుగులాంటి నడకతో తిరుగుతుంటారు. అమెరికా వీసా కోసం మొక్కే కుర్రాళ్ల వల్ల దేవుడికి వీసా బాలాజీ అన్న పేరే స్థిరపడింది. నిజానికి ఈ వీకెండ్ మొత్తంలో ఎక్కువ దూరం నడిపించేది గుడి చుట్టూ ఉన్న ఆ బాటే కావచ్చు.

మొయినాబాద్ దాటాక మర్రిచెట్లు. మన్నెగూడ వరకు రోడ్డుకు ఇరువైపులా దాదాపు 900 ఉన్నాయని లెక్కగట్టారు. కొమ్మలు పైన కలుసుకుని పందిరి వేసినట్టుంటుంది. రోడ్డు మీదికి వేలాడే ఊడలు నేలను తాకవు, లారీలు తగిలి తెగిపోతుంటాయి. రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు ఈ చెట్ల కోసం ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు, ఏళ్ల తరబడి కేసు నడిచింది. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయాక, ఇరుకు రోడ్డు మీద స్థానికుల కోపం కట్టలు తెంచుకుంది. చెట్టు కావాలన్నవాళ్లదీ, రోడ్డు కావాలన్నవాళ్లదీ న్యాయమే. కానీ రోజూ ఆ దారిన బస్సెక్కేది రెండోవాళ్లు.

సమయముంటే వికారాబాద్ మీదుగా అనంతగిరి గుట్టలకు వెళ్లొచ్చు. మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే. ఇంకొంచెం ముందుకెళ్తే కోట్‌పల్లి ప్రాజెక్టు. చెరువు చుట్టూ అడవి, మధ్యలో కయాకింగ్. దీవి కోరిక కాస్తో కూస్తో తీరేది ఇక్కడే. లైఫ్ జాకెట్ వేసుకోకుండా పడవెక్కొద్దు.

తిరుగు దారిలో చేవెళ్ల దగ్గర ఆగితే టమాటా, క్యారెట్, కొత్తిమీర తాజాగా దొరుకుతాయి. ఈ చుట్టుపక్కల పొలాల నుంచి కూరగాయలూ పూలూ నగరం మార్కెట్లకు వెళ్తాయి. బేరం త్వరగా ముగించాలి. ఆదివారం సాయంత్రమైందంటే పొద్దున వెళ్లిన కార్లన్నీ ఒక్కసారే వెనక్కి తిరుగుతాయి, అప్పా జంక్షన్ దాటడానికే బోలెడంత సమయం పడుతుంది.