ఒంటరిగా లోకమును చూచుట

దేశాటనము వలన తెలివి పెరుగునని మన పెద్దలు తరతరములుగా చెప్పుచున్నారు. తోడు లేనిదే ఊరు దాటరాదనియు వారే చెప్పుచున్నారు. నేడు తూర్పు హైదరాబాదునందలి ఎన్నో ఇండ్లలో ఈ రెండు మాటలకును తగవు వచ్చినది. చదువు ముగించిన కుమారుడో, కొలువు చేయుచున్న కుమార్తెయో, పదవీ విరమణ చేసిన తండ్రియో ఒకనాటి రాత్రి భోజనముల వేళ, ఒంటరిగా పోయి కొన్ని దేశములు చూచి వచ్చెదనని చెప్పగానే ఇల్లంతయు కలవరపడుచున్నది. నలుగురితో కలిసి పోరాదా, ఒంటరిగా పోయినందువలన అదనముగా కలుగు లాభమేమి, అని అందరును అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానము వెదకుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ముందుగా మన ముంగిటిని చూతము. పుణెనుండి మచిలీపట్నమునకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి దిల్‌సుఖ్‌నగరు మీదుగా ఎల్.బి.నగరు కూడలికి వచ్చి, అక్కడినుండి విజయవాడ దెసకు సాగుచున్నది. ఆ కూడలి పరిసరములనుండియే నాగార్జునసాగరమునకు ఒక దారి, ఉప్పలునకు ఒక దారి, శంషాబాదు వైపునకు ఒక దారి చీలుచున్నవి. 2018 సెప్టెంబరు 24 నాటినుండి మెట్రోరైలు కూడ ఇక్కడికి వచ్చుచున్నది. రాత్రి భోజనముల వేళ దాటిన పిమ్మట ఆ కూడలిలో నిలిచి చూచినచో, దూరపు బస్సులకై సంచులతో వేచియుండువారు ఎందరో కానవత్తురు. వారిలో కుటుంబములతో వచ్చినవారును కలరు, ఒంటరివారును కలరు.

దిల్‌సుఖ్‌నగరు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతముల పల్లెలనుండి ఇరువది ఏండ్లయినను నిండని పిల్లలు ఒక పెట్టెయు, ఒక దుప్పటియు, తల్లి కట్టి ఇచ్చిన పచ్చడి సీసాయు చేతబట్టుకొని ఇక్కడి హాస్టళ్లలో దిగుచున్నారు. పోటీపరీక్షల శిక్షణకో, కంప్యూటరు చదువునకో వచ్చిన వీరు నలుగురుండు గదిలో ఒక మంచము సంపాదించుకొని, మెస్సు భోజనమునకు అలవాటుపడి, ముఖపరిచయము లేని నగరమున తమ దారిని తామే వెదకికొనుచున్నారు. మొదటి వారమున ఇంటిపై బెంగ. మూడవ మాసమున ధైర్యము. ఇది ఒంటరి యాత్ర కాక మరేమి? పల్లెనుండి దిల్‌సుఖ్‌నగరునకు బిడ్డను పంపగలిగిన తల్లిదండ్రులు లోకయాత్రకు పంపుటలోని కష్టమును సగము అప్పుడే దాటినారని మా అభిప్రాయము. మిగిలిన సగమేమో విచారింతము.

పూర్వులు తోడు లేనిదే బయలుదేరకుండుటకు బలమైన కారణములుండెను. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా నుండిన ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చిరి. మన హైదరాబాదు మీదుగానే వారు పోయిరి. వారి వెంట పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటవారు, బంధువులు, అందరును కలిసి సుమారు నూరుమంది ఉండిరి. నాడు అది ఆడంబరము కాదు, అవసరము. దారిలో దొంగల భయము. నీటి జాడ ఎరిగినవారు కావలెను. ఆచారమునకు తగిన వంట కావలెను. జబ్బుపడినచో మోయుటకు మనుష్యులు కావలెను. ఇంగ్లండును చూచి 1876లో గ్రంథము ప్రకటించిన పోతం జానకమ్మగారు కూడ భర్తతో కలిసియే సముద్రము దాటిరి.

నేడు ఆ పల్లకి పని రైలును విమానమును చేయుచున్నవి. డేరా పని హోటలు చేయుచున్నది. దారి చూపువాడును దుబాసియు ఒక్క సెల్‌ఫోనులోనే ఇమిడియున్నారు. కారణములు పోయినవి, అలవాటు మాత్రము నిలిచియున్నది. ఇప్పటికిని కొన్ని యాత్రాస్థలములలోని సత్రములవారు ఒంటరిగా వచ్చినవానికి గది ఇచ్చుటకు వెనుకాడుదురు. ఒంటరివాడనగా ఇంటిపై అలిగి వచ్చినవాడో, ప్రాణముపై విరక్తి చెందినవాడో అయి ఉండునని వారి శంక. వేడుకగా ఒంటరిగా వచ్చువాడు ఒకడుండునని మనకు ఇంకను నమ్మకము కుదరలేదు.

అట్టివారు పూర్వము లేకపోలేదు. ఏడవ శతాబ్దమున చీనా యతియగు హ్యూయన్‌త్సాంగు, రాజాజ్ఞను సైతము కాదని, బౌద్ధగ్రంథములకై మన దేశమునకు బయలుదేరెను. ఎడారి అంచున దారి చూపువాడు విడిచిపోయెను. నీటితిత్తి చేజారి నీరంతయు ఇసుకపాలయ్యెను. నాలుగు రాత్రులు దాహముతో నడచిన పిదప గుఱ్ఱము పచ్చికను, నీటిని పసికట్టి ఆయనను బ్రదికించెను. ఆ యతియే తరువాత మన ధాన్యకటకమునకు వచ్చి, కొన్ని మాసములు నిలిచి, ఇక్కడి భిక్షువుల కడ అభిధర్మమును చదివెను. ఎల్.బి.నగరునుండి విజయవాడకు పోవు దారిని సుమారు 270 కిలోమీటర్లు నడచి, కృష్ణను దాటి, కొంత పడమరగా పోయినచో ఆ ధాన్యకటకమే, నేటి అమరావతి ప్రాంతము. ఎడారిలో దారి చూపువాడు లేకున్నను సాగివచ్చినవానికి, పరదేశమున గురువులను వెదకికొనుట కష్టము కాలేదు.

స్త్రీలకిది సాధ్యమా యని కొందరందురు. 1797లో వియన్నాలో జన్మించిన ఇడా ఫైఫరు అను గృహిణి, కుమారులిద్దరును పెద్దవారై స్థిరపడిన పిమ్మట, 1842లో, నలుబది నాలుగేండ్ల వయసున, ఒంటరిగా యాత్ర ప్రారంభించెను. 1846నుండి 1848 వరకు ఒకసారి, 1851నుండి 1855 వరకు మరియొకసారి భూమిని చుట్టివచ్చెను. ఆమె ధనవంతురాలు కాదు. మితముగా వ్యయము చేయుచు, దొరికినది తినుచు సాగినది. మొదటి భూప్రదక్షిణమున మన దేశమునకు వచ్చి, నాటి నిజాము రాజ్యములోనివైన అజంతా, ఎల్లోరా గుహలను కూడ చూచినది. ఆ కాలమున, ఆ సాధనములతో ఒక తల్లి చేయగలిగినది నేటి కుమార్తెలు చేయలేరనుట పొసగదు.

మన తెలుగువారిలోను ఈ దారి త్రొక్కినవారు కలరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లలితకళల ఆచార్యులుగా నుండిన ఆదినారాయణగారు ముందు మన దేశమును కాలినడకను చూచి ‘భ్రమణకాంక్ష’ వ్రాసిరి. పిదప ఇతర ఖండములలో తిరిగి ‘భూభ్రమణకాంక్ష’ వ్రాసిరి. ‘సలాం హైదరాబాద్’ నవలాకర్తయగు పరవస్తు లోకేశ్వర్‌గారు స్కూటరుపై ఛత్తీస్‌గఢు తిరిగిరి. పూర్వము పట్టు వర్తకులు నడచిన మధ్య ఆసియా దారులలోను సంచరించి తమ అనుభవములను గ్రంథముగా ప్రకటించిరి. వీరివలె వ్రాయకున్నను, లోకము చూచుటకు వీరివలె ధైర్యము చేయువారు మన పేటలలోను ఉందురు.

ఇక లాభముల సంగతి. మొదటిది నిర్ణయశక్తి. పదిమంది కలిసి పోయినప్పుడు టిక్కెట్లు ఒకరి కడ, డబ్బు ఒకరి కడ, దారి ఒకరి తలలో ఉండును. వెనుక నడచువానికి ఊరు చూచిన తృప్తి కలుగును గాని, ఆ ఊరికి ఎట్లు వచ్చెనో తెలియదు. ఒంటరివాడు ఉదయమునుండి రాత్రి వరకు ఏ రైలెక్కవలెను, ఏ వీధిలో దిగవలెను, ఎవరి మాట నమ్మవలెను, ఎంత ధర ఇయ్యవలెను అని తానే తేల్చుకొనవలెను. పొరపాటు జరిగినచో నిందించుటకు మరొకరు లేరు. సరిదిద్దుటకును మరొకరు లేరు. ఇట్లు ముప్పది దినములు గడపినవాడు తిరిగి వచ్చి కొలువులోగాని, ఇంటిలోగాని ఒక చిక్కు వచ్చినప్పుడు ఇతరుల ముఖము చూడక ఒక మార్గము ఆలోచించును.

రెండవది పరులతోడి స్నేహము. గుంపు తన ఇంటిని తన వెంటనే మోసికొని పోవును. మన భాష, మన పచ్చళ్లు, మన తగవులు కూడ విమానమెక్కును. ఇస్తాంబూలు వీధిలో నలుగురు తెలుగువారు కలిసి నడచుచున్నచో, వనస్థలిపురములో గజము స్థలము ధర ఎంతయైనదో మాటలాడుకొనుచునే నడతురు. ఒంటరివానికి ఆ వసతి లేదు. నోరు విప్పకున్న భోజనమైనను దొరకదు. అందువలన అతడు చేతిసైగలతోనైనను పలుకరించును. ఎదుటివారును గుంపును చూచి తప్పుకొందురు గాని, ఒక్కనిని చూచి దగ్గరకు వత్తురు. 1912లో రిచర్డు షిర్మను అను జర్మను ఉపాధ్యాయుడు ఆల్టెనా కోటలో బాటసారులైన యువకులకై స్థిరమైన వసతిగృహమును నెలకొల్పెను. అట్టి యువజన హాస్టళ్లు నేడు ఎన్నో దేశములలో కలవు. ఒక గదిలో ఆరు మంచములు, ఆరు దేశములవారు. దిల్‌సుఖ్‌నగరు హాస్టలులో రెండేండ్లు గడపిన మన పిల్లలకు ఈ ఏర్పాటు వింతగా తోచదు.

మూడవది ఏకాంతము. ఒంటరితనమునకును ఏకాంతమునకును భేదము కలదు. మనము కోరక వచ్చినది ఒంటరితనము. కోరి తెచ్చుకొన్నది ఏకాంతము. మన ఇండ్లలో మనిషి ఒక గంటయైనను ఏకాంతముగా నుండుట అరుదు. ప్రతివారును ఒకరికి కుమారుడు, ఒకరికి కోడలు, ఒకరికి గుమాస్తా. పరదేశమున ఈ సంబంధములను ఎరిగినవారు లేరు. అప్పుడు తనకు నిజముగా ఏది ఇష్టమో తెలియును. పది మ్యూజియములు చూచుటకన్న ఒక నది ఒడ్డున పూటంతయు కూర్చుండుట తనకు హితమని ఒక గృహిణి నలుబదేండ్ల తరువాత కనుగొనవచ్చును. మొదటి రాత్రి ఒంటరిగా భోజనమునకు కూర్చుండుట కష్టము. పదియవ రాత్రి అది అలవాటగును.

నాలుగవది అన్నింటికన్న విలువైనదని మేము తలంతుము. పరదేశమున ఒంటరివాడు ఏమియు తెలియనివాడు. బోర్డు చదువలేడు, చిల్లర లెక్కింపలేడు, బస్సు ఎటు పోవునో ఎరుగడు. ఎవరో ఒక పెద్దావిడ చేయిపట్టి దారి చూపును. ఆ ఉపకారము రుచి చూచినవాడు ఇంటికి వచ్చిన పిమ్మట, ఎల్.బి.నగరు కూడలిలో కాగితపుముక్క చేతబట్టుకొని హిందీలోనో, ఒడియాలోనో దారి అడుగు కూలివానిని కసరి పోలేడు. పరుడై బ్రదుకుట ఎట్టిదో తాను నేర్చినాడు గనుక, పరుని ఆదరించుటయు నేర్చును.

నష్టములు లేవనము. ఒక్కరి గదికి వ్యయమెక్కువ. అందమైన దృశ్యము కనబడినప్పుడు, ఇటు చూడుమనుటకు ప్రక్కన మనిషి ఉండడు. జ్వరము వచ్చిన రాత్రి మిక్కిలి దీర్ఘమైనది. అపాయపు భయము కూడ మిథ్య కాదు. అయితే అపాయము దూరదేశముననే కలదనుట పొరపాటు. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలమున దిల్‌సుఖ్‌నగరులో, నిత్యము మనము తిరుగు చోటనే, రెండు బాంబులు పేలి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ వీధిలో తిరుగుట మనము మానలేదు. జాగ్రత్తతో తిరుగుట నేర్చితిమి. బిడ్డలకు నేర్పవలసినదియు ఆ జాగ్రత్తయే.

ఆ జాగ్రత్త మెట్టుమెట్టుగా నేర్చుకొనదగినది. మొదట హంపికో, కాశికో ఒంటరిగా పోయి రావలెను. పిదప నేపాళము మంచిది. మన పౌరులకు అక్కడ వీసా అక్కరలేదు. ఆపైన దూరదేశములు. పెక్కు దేశములవారు పాస్‌పోర్టుకు ఇంకను ఆరు మాసముల గడువుండవలెనని కోరుదురు గనుక, టిక్కెట్టు కొనుటకు ముందే ఆ తేది చూచుకొనవలెను. క్రొత్త ఊరికి పగటివేళ చేరునట్లు ప్రయాణము కుదుర్చుకొనవలెను. మొదటి రాత్రి బసను ముందే నిశ్చయించుకొనవలెను. డబ్బును రెండు చోట్ల దాచవలెను. పత్రముల నకళ్లు ఇంట ఒకటి, సంచిలో ఒకటి ఉండవలెను. వైద్యమునకు అక్కరకు వచ్చు ప్రయాణ బీమాయు, ఆ దేశమునందలి మన రాయబార కార్యాలయపు నంబరును తప్పక ఉండవలెను. దినమునకొకసారి, నియమించుకొన్న వేళకు, ఇంటికి ఒక మాట పంపవలెను.

ఇంటివారి వంతు కూడ కొంత కలదు. ఎందుకు పోవలెనని అడుగుట కన్న, ఏ గంటకు చేరుదువు, మొదటి రాత్రి ఎక్కడ నుందువు, అని అడుగుట మేలు. మొదటి ప్రశ్న కాళ్లకు సంకెల; రెండవది చేతికి దీపము. కుమారునకు ఇచ్చిన సెలవు కుమార్తెకును ఈయవలెను. పిల్లలకు ఇచ్చినది, జీవితమంతయు ఇంటికై శ్రమపడిన తల్లికిని ఈయవలెను. తిరిగి వచ్చిన వారము దినములు వారు చెప్పు మాటలను తీరికగా వినవలెను. ఏమేమి చూచితివని అడిగిన పిమ్మట, ఎవరెవరిని కలిసితివని కూడ అడుగవలెను. ఒంటరిగా పోయినవారు తెచ్చు సొమ్ములో పెద్దపాలు ఆ రెండవ ప్రశ్నకు వచ్చు సమాధానమునందే ఉండును.