మీకు తెలుసా? అబిడ్స్ గల్లీలో పుట్టిన రేడియో

అబిడ్స్‌లో చిరాగ్ అలీ లేన్ మీదుగా ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు. హైదరాబాద్ రేడియో మొదట గొంతు విప్పింది అక్కడే! తపాలా తంతి శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ 1930ల తొలినాళ్లలో సొంత పూనికతో ఆ ప్రసారాలు మొదలుపెట్టారు. ట్రాన్స్‌మిటర్ శక్తి 200 వాట్లు, అంటే పాతకాలపు వంద వాట్ల బల్బులు రెండు వెలిగేంత. తర్వాత నిజాం ప్రభుత్వం ఆ రేడియోను చేపట్టింది. 1935 ఫిబ్రవరి 3న దక్కన్ రేడియోగా ప్రసారాలు ప్రారంభమయ్యాయి.

అప్పటికి మన దగ్గర టేపు రికార్డింగు లేదు. గాయకులు, వాద్యకారులు స్టూడియోకి వచ్చి మైకు ముందు కూర్చుని పాడితే, అదే క్షణంలో ఊరు వినేది. శ్రుతి తప్పినా దిద్దుకునే వీల్లేదు. ఎంత సాధన ఉండాలో! ఆ పాటల్లో ఎన్నో గాలిలోనే కలిసిపోయాయి.

1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసింది. ఈసారి ఆ రేడియో పుట్టిన గల్లీ నుంచి బయల్దేరి, 1907 నాటి నాంపల్లి స్టేషన్, పబ్లిక్ గార్డెన్స్ దాటుకుంటూ సైఫాబాద్ ఆకాశవాణి భవనం దాకా నడిచి చూడండి.