షుగరుకు బిళ్ళ మంచిదా, గొట్టం మంచిదా?

"డాక్టరుగారూ, ఈ బిళ్ళలు కాదు, పవరున్న గొట్టాలు రాయండి!" అని అడిగేవారు మా ఓ.పి.లో రోజుకొకరైనా తగులుతారు. గుంటూరు యార్డులో కాయ రంగు చూసి ధర కట్టినట్టు, గొట్టం రంగు చూసి మందు ఘాటు లెక్కగడతారు. మందుకు ఆ లెక్క లేదు. లోపలి మందూ, మోతాదూ ఒకటే అయితే బిళ్ళైనా, గొట్టమైనా చేసే పని దాదాపు ఒకటే. మెట్‌ఫార్మిన్ మోతాదు 500 మిల్లీగ్రాములు, కొందరికి 1000. అంత పొడి నింపితే గొట్టం బాగా లావెక్కుతుంది. అందుకే ఒత్తి బిళ్ళ చేస్తారు, అంతేగాని అది నాసిరకమని కాదు.

చిలకలూరిపేట వైపునుంచి ఒక మిరపరైతు వచ్చేవారు. షుగరుకు రెండురకాల బిళ్ళలు, వాటితో ఒక గొట్టం వాడేవారు. గొట్టం మొదలుపెట్టాక అరికాళ్ళ మంటలు తగ్గాయి. "అసలు మందు ఇదే" అనుకుని, కోతల హడావిడిలో బిళ్ళలు మానేసి గొట్టం ఒక్కటే మింగారు. రెండు నెలలకు బొటనవేలికి పుండుతో వచ్చారు. కళ్ళంలో ఎప్పుడు గీసుకుందో ఆయనకే తెలియదు! షుగరు 400 దాటింది. ఆ గొట్టంలో ఉన్నది ప్రెగాబాలిన్, నరాల మంటకిచ్చే మందు. అది షుగరును తగ్గించదు. వేలు దక్కించుకోవడానికి నెలన్నర పట్టింది.

అసలు చూసుకోవలసిన తేడా బిళ్ళల్లోనే ఉంది. మందు పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఎం.ఆర్. అని ఉంటే మందు మెల్లగా విడుదలవుతుందని అర్థం. పెద్దవాళ్ళు మింగలేక దాన్ని నూరి మజ్జిగలో కలుపుకుంటారు. అప్పుడు గంటల తరబడి రావలసిన మందు ఒక్కసారే దిగుతుంది. మెట్‌ఫార్మిన్ అయితే కడుపులో తిప్పు, విరేచనాలు. గ్లిక్లజైడ్ అయితే షుగరు పడిపోయి చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ తప్పడం. మింగడం కష్టమైతే చెప్పండి, మామూలు రకం చిన్న బిళ్ళలు రాస్తాం. ఎస్.ఆర్. వాడేవారికి మలంలో బిళ్ళ ఆకారం కనబడితే కంగారు వద్దు. మందు ఒంటికి పట్టి, డొల్ల బయటికి వచ్చిందన్నమాట.

శాకాహారులు అడుగుతుంటారు గనుక చెబుతున్నాను: మామూలు గొట్టం పైపొర పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసిన జెలటిన్. మొక్కల పీచుతో చేసినవీ ఉన్నాయి.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల అట్టలన్నీ సంచిలో వేసుకువెళ్ళండి. ఏది షుగరుకు, ఏది మంటలకు, ఏది బి.పి.కి అన్నది అడిగి, ఒక్కొక్క అట్టమీద తెలుగులో రాయించుకోండి.