శివారు ఇంటికి ఇంటర్నెట్టు ఎందుకు మెల్లగా వస్తుంది?

పిల్లలూ! మన గోదావరి జిల్లాల్లో ధవళేశ్వరం పేరు విననివాళ్లు ఉండరు. కాటన్ దొరగారు అక్కడ 1852 నాటికి ఆనకట్ట కట్టించి, గోదావరి నీళ్లను తూర్పు డెల్టాకు, మధ్య డెల్టాకు, పశ్చిమ డెల్టాకు కాలువల్లో మళ్లించారు. కాలువ మొదట్లో ఉన్న పొలానికి నీళ్లు నిండుగా అందుతాయి. శివారు పొలం రైతు మాత్రం "ఇవాళైనా వస్తాయా?" అనుకుంటూ బోదె గట్టున కూర్చుని ఎదురుచూస్తాడు.

ఇంటర్నెట్టుకు కూడా శివారు ఇళ్లు ఉన్నవి! ఒకే ఊళ్లో, ఒకే చందా కట్టే రెండు ఇళ్లలో, ఒక ఇంట పాఠం చకచకా నడుస్తుంది. రెండో ఇంట మాస్టారి బొమ్మ నోరు తెరిచి అట్లాగే నిలిచిపోతుంది. 2020లో బడులు మూసినప్పుడు ఈ తేడా ఎంతోమంది చదువుకు అడ్డు వచ్చింది. "పక్కవీధి పిల్లకు వచ్చిన పాఠం నీకెందుకు రాలేదు? ఆటలాడుతూ కూర్చున్నావా?" అని పెద్దలు కోప్పడ్డ ఇళ్లు నాకు తెలుసు. పాపం, చాలాచోట్ల తప్పు పిల్లలది కాదు, తీగది. ఆ తీగ సంగతేమిటో ఇప్పుడు చూద్దాం.

వేగం అంటే ఏమిటి?

పాఠమైనా, పాటైనా, బొమ్మైనా తీగలోకి వెళ్లేముందు సున్నలుగా, ఒకట్లుగా మారిపోతుంది. ఒక సున్న గాని, ఒక ఒకటి గాని ఒక "బిట్టు". పది లక్షల బిట్లు ఒక మెగాబిట్టు. సెకనుకు ఎన్ని బిట్లు ఇంటికి చేరుతవో దానినే మనం వేగం అంటున్నాం.

ఇక్కడొక తమాషా ఉన్నది. రాగి తీగలో సంకేతమూ, గాజు పోగులో వెలుగూ ఇంచుమించు ఒకే వేగంతో పరుగెత్తుతవి: సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు! అయిదు కిలోమీటర్ల దూరం పోవడానికి సెకనులో నలభై వేలవ వంతు చాలు. కనుక మెల్లగా వచ్చే తీగలో సంకేతం నత్తలాగా నడుస్తున్నదని అనుకోకండి. అది సన్నని బోదె, ఒక్కసారికి కొద్ది బిట్లే పడతవి. అంతే తేడా.

మాట కోసం వేసిన తీగ

టెలిఫోను తీగను మొదట వేసింది మాటల కోసం. మన దేశంలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు 1882లోనే కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో మొదలైనవి. మనిషి మాట తెలియడానికి సెకనుకు 300 మొదలు 3,400 దాకా కంపనాలు అందితే చాలు. ఆ పనికి పెన్సిలు ములుకంత సన్నని రెండు రాగి తీగలు సరిపోయినవి. ఆ రెండింటినీ జడలాగా మెలితిప్పుతారు. అట్లా మెలితిప్పితే బయటి గోల తక్కువగా సోకుతుందని గ్రహించినవాడు టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్లే. అది 1881 నాటి సంగతి.

తరవాత ఇంజనీర్లు ఒక యుక్తి పన్నారు. మాటకు పైన ఉన్న ఖాళీని వాడుకుందామన్నారు. సెకనుకు 11 లక్షల కంపనాల దాకా, ఆ తరవాత 22 లక్షల దాకా అదే తీగలో పంపించారు. మాట మాటగానే నడుస్తుంది, ఇంటర్నెట్టు దాని నెత్తి మీదుగా నడుస్తుంది! 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. మన దేశంలో ఈ పద్ధతిలోనే ఇళ్లకు బ్రాడ్‌బ్యాండు ఇచ్చింది. అప్పట్లో సెకనుకు 256 కిలోబిట్లు వస్తే, అంటే మెగాబిట్టులో పావు వంతు వస్తే, దానిని బ్రాడ్‌బ్యాండు అనవచ్చునని సర్కారు లెక్క. 2023లో ఆ లెక్కను 2 మెగాబిట్లకు పెంచారు.

అయితే ఈ యుక్తికి ఒక శత్రువు ఉన్నది. అది దూరం. ఎక్స్ఛేంజి నుండి మీ ఇంటిదాకా తీగ ఎంత పొడుగుంటే, సంకేతం అంత నీరసపడుతుంది. అందులోనూ ఎక్కువ కంపనాలవి ముందుగా చచ్చిపోతవి. 22 లక్షల కంపనాల పద్ధతిలో ఎక్స్ఛేంజి పక్క ఇంటికి సెకనుకు 24 మెగాబిట్ల దాకా రావచ్చు. మూడు కిలోమీటర్లు దాటితే అందులో మూడో వంతు మిగలడం గొప్ప. అయిదు కిలోమీటర్ల దగ్గర ఒకటో రెండో మిగులుతవి. పైగా మనం కొలవవలసినది కాకి ఎగిరే దూరం కాదు, తీగ తిరిగి వచ్చే దూరం.

కాలువ పోలిక ఇక్కడ ఒకచోట సరిపోదు, గమనించండి. శివారు పొలానికి నీరు తగ్గడానికి పైవాళ్లు వాడుకోవడం కూడా ఒక కారణం. టెలిఫోను తీగలో అట్లా కాదు. మీ తీగ మీదే, ఎవరూ తోడుకోరు. దూరమే దాన్ని తాగేస్తుంది!

రెండో శత్రువు తడి. మన డెల్టాలో వానలూ, చెమ్మా జాస్తి. సముద్రం దగ్గర గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. తీగల అతుకుల్లో నీరు చేరితే చిలుము పడుతుంది. అప్పుడు ఫోనులో బరబరమని చప్పుడు వస్తుంది, ఇంటర్నెట్టు తెగి తెగి వస్తుంది. మూడో శత్రువు ఇరుగు పొరుగు. ఒకే కట్టలో వందలాది జతలు ఉంటే, ఒకదాని సంకేతం మరొకదానిలోకి తొంగిచూస్తుంది.

కేబులు సంగతి

టీ.వీ. కేబులును అడ్డంగా కోస్తే మధ్యన రాగి తీగ, దాని చుట్టూ తెల్లని ప్లాస్టిక్కు, దాని చుట్టూ లోహపు జల్లెడ, పైన నల్లని తొడుగు కనిపిస్తవి. ఆ జల్లెడ కోటగోడ వంటిది. లోపలి సంకేతాన్ని బయటికి పోనీయదు, బయటి గోలను లోపలికి రానీయదు. అందుచేత అందులో కోట్ల కంపనాలు పంపవచ్చు. దారిలో నీరసపడితే స్తంభాల మీద పెట్టిన యంత్రాలు మళ్లీ బలం పోస్తవి.

మరి కేబులుకు లోపం లేదా? ఉన్నది! అది ఉమ్మడి కాలువ. వీధిలో ఇళ్లన్నీ దానినే పంచుకుంటవి. తెల్లవారుజామున బ్రహ్మాండంగా నడుస్తుంది. రాత్రి ఎనిమిదింటికి అందరూ సినిమాలు చూడబోతే అందరికీ తగ్గుతుంది. కరెంటు పోతే ఆ స్తంభాల మీది యంత్రాలూ ఆగిపోవచ్చు.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఫోను తీగకు దూరం చూడాలి, కేబులుకు వేళ చూడాలి.

గాజు పోగు

ఈ రెండింటినీ మించినది గాజు పోగు. అందులో వెలుగు గోడ నుండి గోడకు తగిలి వెనక్కు మళ్లుతూ, బయటికి పోకుండా సాగుతుంది. ఇరవై కిలోమీటర్లయినా దానికి లెక్క లేదు. చెమ్మకు చిలుము పట్టదు. స్వచ్ఛమైన గాజుతో వెలుగును ఎంతో దూరం పంపవచ్చునని 1966లో చార్లెస్ కావ్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పాడు. 2009లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది.

జీడిపప్పుకు పేరుపడ్డ మన కోనసీమ ఊరు మోరి తెలుసు గదా! ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకంలో ముందుగా గాజు పోగు అందుకున్న పల్లెల్లో అదొకటి. 2016 డిసెంబరులో అక్కడి ఇళ్లకు సెకనుకు 15 మెగాబిట్లు ఇచ్చారు. ఖర్చు తగ్గడానికి పోగులను కరెంటు స్తంభాల మీదుగా లాగారు. అయితే గాలివానకు స్తంభం కూలితే పోగు కూడా తెగుతుంది. ఏ తీగకు ఉండే కష్టం దానికి ఉన్నది.

మీ ఇంట్లో పరీక్షించండి

డబ్బు ఎక్కువ కట్టి పెద్ద చందా తీసుకోబోయే ముందు, అమ్మానాన్నలతో కలిసి మూడు పనులు చేయండి.

మొదటిది: కంప్యూటరును పెట్టెకు తీగతో కలిపి వేగం కొలవండి. తరవాత గోడ అవతల, తీగ లేకుండా కొలవండి. మొదటిది బాగుండి రెండోది తగ్గితే, దోషం వీధిలో లేదు, మీ గోడల్లో ఉన్నది. పెట్టెను ఇంటి మధ్యకు మార్చండి.

రెండోది: తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి వారం రోజులు కొలిచి పుస్తకంలో రాయండి. రాత్రే తగ్గితే ఉమ్మడి కాలువ రద్దీ. ఎప్పుడూ ఒకేలా తక్కువైతే తీగ దూరమో, చందా పరిమితో అనుకోవాలి. వాన పడ్డప్పుడే తగ్గితే అతుకుల్లో తడి.

మూడోది: ఫోను తీగ అయితే ఎక్స్ఛేంజి నుండి మీ ఇంటికి తీగ పొడుగెంతో అడగండి. తీగకు మోయగల శక్తి లేనప్పుడు పెద్ద చందా కట్టడం, చిన్న తూము ముందు పెద్ద చెరువు తవ్వినట్లే. ఆ పుస్తకం చూపించి అడిగితే బాగుచేసేవారికి కూడా పని తేలిక అవుతుంది.

ఇక లెక్క. ఒక పాఠం 450 మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు. సెకనుకు 2 మెగాబిట్లు వచ్చే శివారు ఇంటికి అది ఎంతసేపట్లో చేరుతుంది? 15 వచ్చే ఇంటికి ఎంతసేపట్లో? జవాబు చూడకుండా చేయండి.

(జవాబు: 450ని 8తో హెచ్చిస్తే 3,600 మెగాబిట్లు. శివారు ఇంటికి 1,800 సెకన్లు, అంటే అరగంట. రెండో ఇంటికి 240 సెకన్లు, అంటే నాలుగే నిమిషాలు. ఈసారి మీ స్నేహితునికి పాఠం ఆలస్యమైతే నవ్వకండి. మీ ఇంటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకోండి.)