వారమ్ పెర్సీ: గ్రామనామం చెప్పిన చరిత్ర, చెప్పని చరిత్ర

ఇంగ్లండ్‌లోని ఉత్తర యార్క్‌షైర్‌లో, వోల్డ్స్ అనే సుద్దరాతి గుట్టల నడుమ వారమ్ పెర్సీ అనే చిన్న గ్రామం ఉంది. గ్రామం అనడం అలవాటు కొద్దీ అనడమే. అక్కడి మధ్యయుగపు ఊరు ఖాళీ అయి సుమారు ఐదు వందల ఏళ్ళయింది. పైకప్పు లేని ఒక చర్చి, గడ్డి కింద ఉబ్బెత్తుగా కనిపించే ఇళ్ళ ఆనవాళ్ళు, లోయ అడుగున ఒక చెరువు మిగిలాయి. గ్రామనామాన్ని చరిత్రకు ఆధారంగా స్వీకరించే పరిశోధకులకు ఈ ఊరు మంచి పరీక్ష. పేరు ఎంతవరకు సాక్ష్యం చెప్పగలదో, ఎక్కడ మౌనం వహిస్తుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

వారమ్ అన్న పదాన్ని నేటి ఆంగ్లంతో విడదీయబోతే ఏమీ తేలదు. 1086 నాటి డూమ్స్‌డే గ్రంథంలో ఇది నకారాంతంగా, వార్రన్ వంటి రూపాలలో కనిపిస్తుంది. దీనికి మూలం ప్రాచీన ఆంగ్లంలోని 'హ్వెర్' అని పండితుల అభిప్రాయం. హ్వెర్ అంటే వంటకుండ, కాగు. దీని చతుర్థీ బహువచన రూపం 'హ్వెరుమ్'. ప్రాచీన ఆంగ్ల స్థలనామాలలో చతుర్థి తరచుగా సప్తమి పనిచేస్తుంది కాబట్టి 'కాగుల వద్ద' అని అర్థం వస్తుంది. ఇక్కడ ఎవరో కుండలు చేసేవారని ఊహించుకోనక్కరలేదు. గుట్టల మధ్య గుంటలుగా దిగిన లోయల ఆకారాన్ని బట్టి ఈ పేరు వచ్చి ఉంటుందన్న వివరణే సమంజసంగా తోస్తుంది. ప్రాచీన ఆంగ్లం చివరి దశలో 'ఉమ్' ప్రత్యయం బలహీనపడి 'ఉన్', 'అన్' అయింది. డూమ్స్‌డే రూపాల్లోని నకారానికి ఇది కారణం కావచ్చు. విభక్తి వ్యవస్థ భాషలో నశించినా, దాని శకలం ఊరి పేరులో శిలాజంలా నిలిచింది.

రెండవ పదం వేరే కాలానిది. దగ్గరలోనే మరొక వారమ్ ఉంది. రోమన్ల నాటి బాటను ఆనుకొని ఉన్నందువల్ల దానిని వారమ్ లె స్ట్రీట్ అన్నారు. మన వైపు పెద్ద, చిన్న చేర్చి ఊళ్ళను వేరు చేసినట్టే, అక్కడ ఒకదానికి బాట, ఇంకొకదానికి ప్రభువు గుర్తులయ్యారు. పెర్సీ అనేది నార్మండీలోని ఒక ఊరి పేరు. నార్మన్ విజయం తరువాత ఇంగ్లండ్‌కు వచ్చిన వంశం దానిని ఇంటిపేరుగా తెచ్చుకుంది. అంటే ఒక ఊరి పేరు మనిషి పేరై, సముద్రం దాటి, మళ్ళీ ఊరి పేరైంది. 15వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఈ గ్రామం హిల్టన్ వంశానికి దక్కింది. పేరు మాత్రం మారలేదు.

ఊరు ఎందుకు పోయిందంటే, 1348-49 నాటి మహామారి అన్న సమాధానం సులభంగా వస్తుంది. ఆ మహామారి వారమ్‌ను దెబ్బతీసిన మాట నిజమే. అయినా ఆ తరువాత నూరేళ్ళకు పైగా అక్కడ జనం సాగు చేసుకుంటూనే ఉన్నారు. జననష్టం వల్ల కూలి పెరిగింది, ధాన్యం ధర తగ్గింది, ఉన్ని లాభసాటి అయింది. అనేక నాగళ్ళు దున్నిన నేలకు ఒక గొర్రెల కాపరి చాలు. ఎనిమిదవ హెన్రీ కాలంలో, 1517లో జరిగిన విచారణ నాలుగు కుటుంబాలను తొలగించి ఇళ్ళు పడగొట్టిన సంగతిని నమోదు చేసింది. ఆ తొలగింపు 1500 ప్రాంతంలో, హిల్టన్ల యాజమాన్యంలో జరిగింది. ఖాళీ చేయించిన వంశం పేరు ఊరి పేరులో లేదు. ఖాళీ చేసినవారి పేర్లు అంతకన్నా లేవు. వ్యాధిని నిందించడం తేలిక కనుకనే ఆ కథ ఎక్కువకాలం బతికిందని నా అభిప్రాయం.

పేరు నమోదు చేయని ఆ జనాన్ని వెలికితీసినది తవ్వకాలే. ఆర్థిక చరిత్రకారుడు మారిస్ బెరెస్‌ఫర్డ్ 1948లో ఇక్కడికి వచ్చాడు. ఆయన, పురావస్తు శాస్త్రవేత్త జాన్ హర్స్ట్ కలిసి 1990 వరకు ప్రతి వేసవిలోనూ పరిశోధన సాగించారు. రైతుల ఇళ్ళు నాసిరకానివని, తరానికొకసారి కట్టుకునేవారని మొదట భావించారు. తరువాత స్టువర్ట్ రాత్‌మెల్ ఆ ఆధారాలనే తిరిగి పరిశీలించి, అవి వంపు దూలాలపై నిలిచిన దిట్టమైన ఇళ్ళని, గోడలు మాత్రమే తరచు బాగుచేసుకునేవారని నిరూపించాడు. శ్మశానంలో లభించిన అస్థిపంజరాలు దాదాపు ఏడు వందలు. పిల్లల ఎముకలలోని నత్రజని ఐసోటోపులను విశ్లేషిస్తే, తల్లులు సుమారు ఏడాదిన్నర వరకు పాలిచ్చేవారని తేలింది. ఇంతటి వివరం ఏ శాసనమూ, ఏ పన్నుల పట్టికా ఇవ్వలేదు.

చర్చి గోడలు కూడా చదవదగినవే. జనం పెరిగినప్పుడు దానికి ఇరుపక్కలా వసారాలు చేర్చారు, తగ్గినప్పుడు వాటిని తీసివేసి కమానులను రాళ్ళతో పూడ్చారు. ఊరు పోయినా చర్చి ఆగలేదు. అదే చర్చి పరిధిలోని థిక్సెన్‌డేల్ ప్రజలు తమ ఊళ్ళో చర్చి కట్టుకునేదాకా, 19వ శతాబ్దం వరకు, గుట్టలు దాటి ఇక్కడికే వచ్చేవారు. ఇందులో ప్రార్థనలు 1949లో ఆగిపోయాయి.