మూతి తిప్పుకునే ఆక్సొలాటల్

వానాకాలంలో ఎగువ అహోబిలం రాళ్ల మీంచి దూకే భవనాశిని నదిలో కాలు పెడితే ఒళ్లు జిల్లుమంటుంది. కొండ దిగి ఆళ్లగడ్డ, నంద్యాల వైపు వస్తే వేరే లోకం. వేసవిలో అక్కడ ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. అలాంటి చోట గాజుతొట్టిలో పెంచే ఆక్సొలాటల్ అనే నీటి సాలమాండర్ తిండి మానేసిందంటే, మేత మార్చేముందు నీళ్లలో థర్మామీటర్ పెట్టి చూడాలి.

ఈ జీవి పుట్టిల్లు మెక్సికో నగరం దక్షిణాన ఉన్న సోచిమిల్కో కాలువలు. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉన్న చల్లని నీళ్లవి. తొట్టిలోనూ దానికి 16 నుంచి 18 డిగ్రీలే హాయి. 24 దాటితే నీళ్లలో ప్రాణవాయువు తగ్గి, మొప్పల కుచ్చులు ముందుకు ముడుచుకుని, నోటి దగ్గరికి వచ్చిన మేతను కూడా వదిలేస్తుంది. మన కప్పలు కొన్ని ఎండాకాలమంతా మట్టిలో దూరి తొలకరి దాకా ఉపవాసం ఉండగలవు. జీవితమంతా నీళ్లలోనే గడిపే ఆక్సొలాటల్‌కు ఆ దారి లేదు.

నీళ్ల మీదికి ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది, రాయలసీమ పొడిగాలికి బాగా పనిచేస్తుంది. కానీ నడివేసవికి అది చాలదు. నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రమో, ఏసీ గదో కావాలి. ఐసు ముక్కలు వేస్తే నీళ్లు ఒక్కసారిగా చల్లబడి జీవికి దెబ్బ. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఖర్చు భరించలేని ఇంట్లో ఆక్సొలాటల్‌ను పెంచకపోవడమే దానికి చేసే మేలు.

రెండో అనుమానం అమ్మోనియా. తినలేదని ఇంకా ఇంకా మేత వేస్తే అది కుళ్లి, అమ్మోనియా పెరిగి నీళ్లు విషమవుతాయి, ఉన్న కాస్త ఆకలీ చస్తుంది. మిగిలిన మేతను వెంటనే తీసేయాలి. గులకరాళ్లూ ఉండకూడదు. ఆక్సొలాటల్ మేతను కొరకదు, నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి పీల్చుకుంటుంది. ఆ ఊపులో రాయి మింగితే పేగుకు అడ్డం పడుతుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా తినకపోతే, మేతగా వేసే వానపాము ఎక్కడిదో అడగాలి. వర్మీకంపోస్టు తొట్లలో పెంచే ఎర్ర వానపాముల్లో ఒక రకం చేదు ద్రవం వదులుతుంది, ఆక్సొలాటల్ దాన్ని నోట్లో వేసుకుని ఉమ్మేస్తుంది. మందులు కొట్టిన పత్తి, మిరప చేలల్లో తవ్విన వానపాములు అసలే వద్దు.

ఎదిగిన జీవి వారం పది రోజులు తినకపోయినా తట్టుకుంటుంది. పిల్లకు ఆ ఓపిక ఉండదు, వైద్యుడికి త్వరగా చూపించాలి. ఆక్సొలాటల్ చూపు మందం, వాసన, కదలికే దారి చూపుతాయి. రాత్రి లైటు ఆర్పి, పట్టకారుతో చిన్న వానపామును మూతి ముందు మెల్లగా ఆడిస్తే, చాలాసేపు కదలని ఆ తల ఒక్కసారి పక్కకు తిరుగుతుంది, నోరు తెరుచుకుంటుంది, వానపాము మాయమవుతుంది.