కడుపు నిండా గుడ్లున్నా పెట్టని చేపలు

బొచ్చె, శీలావతి, మోసు చేపలు చెరువుల్లో ఏపుగా పెరుగుతాయి. వేసవి చివరికి ఆడచేప కడుపు గుడ్లతో నిండుతుంది కూడా. కానీ నిలవ నీటిలో అది గుడ్లు పెట్టదు. అదను దాటితే ఆ గుడ్లు క్రమంగా కరిగి శరీరంలోనే కలిసిపోతాయి. నదిలోని అదే జాతి చేప మాత్రం వరద నీరు రాగానే లక్షల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. అందుకే ఒకప్పుడు రైతులు చేపపిల్లల కోసం నదులపైనే ఆధారపడేవారు. వరదలో పట్టిన పిల్లల్లో పెంపకానికి పనికిరానివి, ఇతర చేపలను తినేసేవి కూడా కలిసి వచ్చేవి.

మెదడు నుంచి అండాశయం దాకా

పగటి నిడివి, నీటి ఉష్ణోగ్రత, వాన, ప్రవాహం వంటి మార్పులను చేప మెదడు గ్రహిస్తుంది. మెదడులోని హైపోథాలమస్ ఒక హార్మోన్‌ను విడుదల చేసి, పిట్యూటరీ గ్రంథిని ప్రేరేపిస్తుంది. అప్పుడు పిట్యూటరీ నుంచి ముఖ్యంగా రెండు హార్మోన్లు రక్తంలోకి వస్తాయి.

మొదటిది ఎఫ్‌ఎస్‌హెచ్. దీని ప్రభావంతో అండాశయం ఈస్ట్రడయోల్‌ను తయారు చేస్తుంది. అది కాలేయానికి చేరి, పచ్చసొనకు కావలసిన ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. ఆ ప్రోటీన్ చేరిన కొద్దీ గుడ్లు పెద్దవవుతాయి. రెండోది ఎల్‌హెచ్. దీని మోతాదు ఒక్కసారిగా పెరిగితేనే గుడ్లు పూర్తిగా పక్వమై అండాశయం నుంచి విడుదలవుతాయి. మగచేపలో వీర్యం తయారీకీ, విడుదలకూ ఈ హార్మోన్లే ఆధారం.

చెరువులో మొదటి దశ సాఫీగానే సాగుతుంది. వరద సంకేతాలు అందక రెండోది ఆగిపోతుంది. మెదడులోని డోపమైన్ ఎల్‌హెచ్ విడుదలను అణచి ఉంచుతుంది. అంటే చేప గొడ్డుది కాదు, దానికి చివరి కబురు అందలేదంతే.

అంగుల్‌లో దొరికిన దారి

ఆ కబురును సూదిమందుతో అందించవచ్చని మన దేశంలో కార్ప్ చేపలపై నిరూపించినవారు హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో, ఇతర చేపల తలల నుంచి తీసిన పిట్యూటరీ గ్రంథుల సారాన్ని ఎక్కించి గుడ్లు పెట్టించారు. ఏటా జులై 10న జాతీయ చేపల రైతుల దినోత్సవం జరపడానికి కారణం ఇదే.

అయితే ఆ గ్రంథులను సేకరించి, ఆల్కహాల్‌లో నిలవ చేయాలి. ఒక్కో గ్రంథిలో హార్మోన్ ఒక్కో మోతాదులో ఉంటుంది. ఆడచేపకు సాధారణంగా రెండుసార్లు సూది వేయాలి. తర్వాత వచ్చిన కృత్రిమ మందుల్లో రెండు పదార్థాలు ఉంటాయి. హైపోథాలమస్ హార్మోన్‌ను పోలినది పిట్యూటరీని తట్టిలేపుతుంది. డోంపెరిడోన్ వంటిది డోపమైన్ అడ్డును తొలగిస్తుంది. దాంతో చేప తన సొంత ఎల్‌హెచ్‌నే విడుదల చేసుకుంటుంది. చాలావరకు ఒక్క సూది సరిపోతుంది. హేచరీల్లోని గుండ్రటి తొట్లలో తిరిగే నీరు నది ప్రవాహాన్ని తలపిస్తుంది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో విస్తరించిన చేపల సాగుకు ఇలాంటి హేచరీల పిల్లలే ఆధారం.

సూదిమందు చేయలేని పని

సొన నిండని గుడ్లను ఏ సూదీ పక్వం చేయలేదు. తల్లిచేపకు నెలల ముందు నుంచే మంచి మేత, తగినంత చోటు ఇవ్వాలి. హేచరీ సౌకర్యం మరో ముప్పును కూడా తెస్తుంది. ఏటా ఆ కొద్ది తల్లిచేపల సంతానాన్నే మళ్లీ జతకడితే దగ్గరి రక్తసంబంధం పెరిగి, పిల్లల ఎదుగుదల, రోగనిరోధక శక్తి తగ్గుతాయి. వేర్వేరు జాతులను ఒకే తొట్టిలో వదిలితే సంకర పిల్లలు పుడతాయి. అందుకే తల్లిచేపల వివరాలు నమోదు చేసి, అప్పుడప్పుడు బయటి నుంచి కొత్తవి తెచ్చుకోవాలి. గుడ్లు పెట్టించడం సూదిమందు పని. ఆ గుడ్ల నాణ్యత మాత్రం తల్లిచేపల ఎంపికపైనే ఆధారపడి ఉంటుంది.